చెల్లని రూపాయికి గీతలెక్కువ: పాత నాణెం అసలుదో నకిలీదో తేల్చుకోవడం

(అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది. మాటల ధోరణి మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకు ఫ్యాను చప్పుడులో నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి. బ్యాంకులో క్యాష్ కౌంటర్ అద్దం వెనకాల కూర్చుని ముప్పై ఏండ్లు "టోకెన్ నంబర్ ఎంతమ్మా" అని అరిచిన గొంతు ఇది. మైకు లేకున్నా సరిపోవాలి.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగంమంది జేబుల్లోనో చేతిసంచుల్లోనో ఏదో ఒక నాణెం ఉందని నాకు తెలుసు. మెట్లెక్కేలోపలే ముగ్గురు నన్ను ఆపినారు. ముగ్గురిదీ ఒకటే మాట: "సార్, దీనికి ఎంతొస్తుంది?" ఆఖర్లో అన్నీ చూస్తాను, తొందర లేదు. కానీ ధర అనేది చిట్టచివరి ప్రశ్న. దానికంటే ముందు అది అసలుదేనా, ఎంత అరిగింది, ఎవరైనా దానిమీద చెయ్యి చేసుకున్నారా, ఇవి తేలాలి. మూడోది చాలామందికి తట్టనే తట్టదు. నాకూ తట్టలేదు. అందుకే నా తప్పుతోనే మొదలుపెడతాను.

మా జేజికి, అంటే నాయనమ్మకు, ఒక ఇత్తడి డబ్బా ఉండేది. అందులో పదకొండు వెండి రూపాయలు. విక్టోరియావి, ఎడ్వర్డువి, జార్జివి. ఆమె పోయినాక డబ్బా నాకొచ్చింది. అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. రూపాయలు నల్లగా, కొన్ని నీలంగా, అంచుల్లో ఇటుకరంగులో ఉన్నాయి. మసి పట్టిందనుకున్నా. చింతపండు నానబెట్టి, పిడక బూడిద కలిపి, కొబ్బరిపీచుతో పదకొండూ తోమేసినా. తళతళలాడినాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించినా.

ఇరవై ఏండ్ల తర్వాత హైదరాబాదులో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయినా. ఆయన 1862 విక్టోరియా రూపాయిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, దీపం కింద తిప్పినట్టు మెల్లగా తిప్పినాడు. తర్వాత నన్నడిగినాడు: "ఎవరు తోమినారు నాయనా?" నేను మాట్లాడలేదు. భూతద్దం నా చేతికిచ్చినాడు. రాణి తలలో వెంట్రుక పాయలు విడివిడిగా ఉన్నాయి. మెడలో హారం ఉంది. బుగ్గ మీద మాత్రం సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకు, వానలో చీపురేసిన వాకిలి మాదిరి. "అరుగుదల చూస్తే ఇది మంచి నాణెం. ఇప్పుడు మాత్రం తోమిన నాణెం" అన్నాడు. అంతే.

ఆ నలుపు మసి కాదు. గాలిలో ఉండే గంధకం వెండి పైపొరతో కలిసి కట్టే పల్చటి తెర అది. అది అట్లా రంగులు తిరగడానికి దశాబ్దాలు పడుతుంది. చింతపండు పులుపు ఆ తెరను తీసేస్తుంది, బూడిద కింద వెండిని గీరేస్తుంది. పూజ చెంబుకు పనికొచ్చేది నాణేనికి పనికిరాదు. ఈ సాయంత్రం ఇంక ఏదీ గుర్తులేకపోయినా పరవాలేదు, చింతపండు మాత్రం పప్పులోకే వాడుకోండి. (నవ్వులు)

మన సీమలో డబ్బును దుడ్లు అంటాం కదా. దుడ్డు ఒక నాణెం పేరు. డబ్బు కూడా నాణెం పేరే, రాగి నాణెం. నాణ్యత అనే మాట కూడా నాణెం ఇంటిదే. అంటే వస్తువు మంచిచెడ్డల గురించి మాట్లాడడం మనవాళ్లు నాణేలు పరీక్షించి మార్చే షరాఫు గద్దె దగ్గర నేర్చుకున్నారన్నమాట.

సరే, పనిలోకి దిగుదాం. ఈ టేబుల్ మీద ఉన్నది నగల షాపుల్లో వాడే చిన్న త్రాసు. గ్రాములో నూరోవంతు వరకు చూపిస్తుంది. పెద్ద ఖరీదేం కాదు. ఇది 1918 నాటి ఐదో జార్జి రూపాయి. పెడుతున్నా... 11.62. కొత్తగా టంకశాల నుంచి వచ్చినప్పుడు ఇది 11.66 గ్రాములు ఉండాలి. చేతులు మారి మారి నాలుగు నూరోవంతులు అరిగింది, న్యాయమే. 11.66 ఎందుకంటే అదే అప్పటి తులం. ఇప్పుడు పాతూరు బజారుకు పోయి తులం బంగారం అడిగితే పది గ్రాములు ఇస్తారు కానీ, పాత తులం అంటే ఒక రూపాయి ఎత్తే.

ఇప్పుడు రెండోది. ఇది కూడా 1918 అనే చెప్తుంది. నాలుగేండ్ల కింద ఒక సంతలో ప్లాస్టిక్ కవర్లో ముప్పై ఉంటే ఒకటి కొన్నాను, ఇట్లా చూపించడానికే. 9.90. ఇంక దీనితో మాటల్లేవు. ఎంత అరిగినా రూపాయి ముఖం స్పష్టంగా ఉండగానే రెండు గ్రాములు దాకా పోదు.

కానీ దొంగ తెలివైనవాడైతే బరువు సరిచేస్తాడు, కాస్త మందంగా పోస్తాడు. అప్పుడు నీళ్లు. ఒక గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, దాన్ని సున్నాకు తెచ్చుకోవాలి. నాణేనికి సన్నటి దారం కట్టి నీళ్లలోకి వేలాడదీయాలి. అడుగుకు తగలకూడదు, గోడకు తగలకూడదు. ఊపిరి బిగబట్టండి, నా చెయ్యి వణుకుతుంది. 1.13. ఇది నాణెం పక్కకు నెట్టిన నీళ్ల బరువు. 11.62ను 1.13తో భాగించండి. ఆ పిల్లోడు ఫోన్ తీసినాడు, ఎంత? 10.28. ఈ రూపాయిలో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి, మిగతాది రాగి. అట్లాంటి లోహానికి 10.3 దరిదాపుల్లో రావాలి. వచ్చింది. ఇప్పుడు సంతలోది. 1.16. తొమ్మిది పాయింట్ తొమ్మిదిని 1.16తో భాగిస్తే ఎనిమిదిన్నర. అది ఇత్తడి జాతి, పైన తెల్లపూత. గీటురాయి అక్కరలేదు, యాసిడ్ చుక్క అక్కరలేదు, నాణేనికి ఒక్క దెబ్బ తగలలేదు. గీటురాయి మీద ఎవరైనా నాణెం రుద్దుతానంటే చెయ్యి పట్టుకోండి.

అన్ని రూపాయలకూ ఇదే లెక్క వర్తించదు. 1940 నుంచి యుద్ధకాలంలో వెండి సగానికి తగ్గించి రాగి, నికెల్, జింకు కలిపినారు. 1947లో పులిబొమ్మ రూపాయి వచ్చింది, అది అచ్చంగా నికెల్. అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది. ఒకతను నా దగ్గరికొచ్చి "అయస్కాంతానికి అంటుకుంది సార్, నకిలీ అని పారేసినా" అన్నాడు. ఏ సంవత్సరానికి ఏ లోహమో తెలియకుండా అయస్కాంతం పట్టుకుంటే ఇట్లాగే అవుతుంది.

మోగించి చూడడం గురించి కూడా అడుగుతారు. కౌంటర్లో నేనూ మోగించినవాణ్ణే, ఆ చప్పుడంటే నాకిష్టం. కానీ గచ్చు మీద వేసిన ప్రతిసారీ అంచుకు ఒక దెబ్బ. పైగా లోపల సన్నటి పగులున్న అసలు నాణెం కూడా మొద్దుగా పలుకుతుంది. మానేయండి.

అంచు చూడండి. కొత్తవాళ్లు రాజు ముఖమే చూస్తారు, అలవాటైనవాళ్లు ముందు అంచు చూస్తారు. మూసలో పోసిన నాణేనికి రెండు సగాలు కలిసేచోట చుట్టూ సన్నటి గీత వస్తుంది. దాన్ని ఆకురాయితో రుద్దితే అంచులో పళ్లు, అంటే చుట్టూ ఉండే సన్నటి నిలువు గాట్లు, అక్కడక్కడ చచ్చిపోతాయి. ముఖం మీద చూస్తే సూదిమొన అంత గుంతలు, బుడగలు పగిలినచోట. అక్షరాల మూలలు కరిగిన సబ్బులాగ గుండ్రంగా ఉంటాయి. అచ్చుతో కొట్టిన నాణేనికి అక్షరం పక్కన నేల నుంచి గోడ లేచినట్టు నిటారుగా లేస్తుంది.

అంచులో ఇంకో సంగతి ఉంటుంది, మన జిల్లాలో ఎక్కువ. తాండాల్లో సుగాలి ఆడవాళ్ల నగల్లో రూపాయలు, అర్ధరూపాయలు చూసే ఉంటారు. మన ఇండ్లల్లో కాసులపేరు. కొక్కెం అతికించి మెడలో వేసుకున్న నాణేన్ని తర్వాత ఎవరో కొక్కెం ఊడగొట్టి, ఆ చోటు నునుపు చేసి అమ్ముతారు. రాజు తలకు సరిగ్గా పైన అంచు పట్టుకుని చూడండి. అక్కడ పళ్లు లేకుండా, రంగు వేరేగా ఉంటే అది నగలోంచి వచ్చిందే. నకిలీ కాదు పాపం, అసలుదే. ఒక ఆడమనిషి మెడలో నలభై ఏండ్లు ఉన్న నాణెం. నాకైతే అదంటే గౌరవం. కానీ మంచి నాణెం ధరకు కొనకూడదు.

ఇప్పుడు నేను మోసపోయిన కథ. దీనికి త్రాసు ఏం చేయలేకపోయింది.

ఆరో జార్జి వెండి రూపాయల్లో 1938 సులభంగానే దొరుకుతుంది. 1939 చాలా అరుదు. సేకరించేవాళ్లు ఆ పేరు వింటే కుర్చీలో ముందుకు జరుగుతారు. ఒక నాణేల మేళాలో ఒక వ్యాపారి, పేరు వద్దు, నన్ను పక్కకు పిలిచి రుమాలులోంచి 1939 తీసినాడు. త్రాసు నా జేబులోనే ఉంది. 11.64. వెండి సరిగ్గా ఉంది. అంచు సరిగ్గా ఉంది. మెరుపు కూడా ఉంది. ధర మార్కెట్ కంటే కాస్త తక్కువ చెప్పినాడు, ఇంట్లో పెండ్లి ఉందన్నాడు. నాకు రిటైర్మెంట్ డబ్బు చేతిలో ఉంది. కొనేసినా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. లేచి టేబుల్ ల్యాంప్ వేసి పది రెట్ల అద్దం పెట్టి చూసినా. ఒకటి, తొమ్మిది, మూడు బాగున్నాయి. ఆఖరి తొమ్మిది మాత్రం తక్కిన తొమ్మిది కంటే రవ్వంత సన్నగా ఉంది. దాని కింద ఎడమపక్క నేల మీద గీతలు. సన్నటి ఉలితో గీకినచోట ఉండేవి. పక్కన లాగి నునుపు చేసిన మచ్చ. 1938లో ఎనిమిది కింది సున్నాను ఎడమవైపు తెరిచి తొమ్మిది చేసినారు. నాణెం టంకశాలదే, వెండి ప్రభుత్వానిదే, బరువు రాజుదే. ఒక్క అంకె మాత్రం ఎవరో కంసాలిది. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని మా జేజి అనేది, ఆ రాత్రి ఆ సామెత అద్దంలో కనపడింది నాకు. మర్నాడు ఫోన్ చేస్తే ఆ నంబర్ పలకలేదు.

అందుకే ఏ నాణేనికి ఏది ఖరీదో ఆ చోటే అద్దం పెట్టండి. సంవత్సరం ఖరీదైతే అంకె మీద, టంకశాల గుర్తు ఖరీదైతే ఆ గుర్తు మీద. మన ఇప్పటి నాణేల మీద కూడా సంవత్సరం కింద చూడండి: నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం గుర్తు బొంబాయి, చుక్క నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. చుక్కను గీకి కలకత్తా చేయడం ఎంతసేపు చెప్పండి.

ఇంతవరకు మిషన్ నాణేలు. మన గడ్డ నాణేల దగ్గర లెక్క తిరగబడుతుంది.

గుత్తి కోట మనందరికీ తెలుసు, రైల్లో పోతూ కిటికీలోంచి చూసేదే. 1776లో మరాఠా సర్దారు మురారిరావు నుంచి హైదర్ అలీ దాన్ని పట్టుకున్నాడు. టిప్పు దానికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి అక్కడ రాగి నాణేలు కొట్టించినాడు. గుర్రంకొండకు జఫరాబాద్ అని పేరు, అక్కడా కొట్టించినాడు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు పారశీ అక్షరాల్లో ఊరిపేరు. ఇదిగో, ఇది గుత్తిదే. పట్టుకోండమ్మా, అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టొద్దు. ఏనుగు వెనక సగం నాణెం బయటికి పోయింది, కదా? అంచు పగిలింది. ఒకపక్క మందం, ఒకపక్క పల్చన. ఇది అసలుది. రాగిబిళ్లను అచ్చు మీద పెట్టి, పైన రెండో అచ్చు పెట్టి, ఒక మనిషి సుత్తితో కొట్టినాడు. ఎండలో రోజంతా కొట్టినాడు. బిళ్ల జరిగుంటుంది, సుత్తి ఒరిగుంటుంది. ఏ రెండూ ఒకేలా రావు.

ఇప్పుడు ఈ రెండు చూడండి. ఏనుగు నిండుగా, నడిమధ్యలో, తొండం, తోక, అన్నీ. ఎవరైనా ఇవే కొంటారు. కొత్తవాళ్లు వంకరదాన్ని నకిలీ అని వదిలేసి అందంగా ఉన్నదాన్ని తీసుకుంటారు. రెండింటినీ పక్కపక్కన పెట్టండి. కుడిపక్క అంచులో చిన్న పగులు ఉందా? రెండోదానికి? అదే చోట, అదే పొడవు, అదే వంపు. సుత్తి దెబ్బకు వచ్చిన పగులు రెండు నాణేలకు ఒకేలా రాదు. ఒక నాణేన్ని మూసగా పెట్టుకుని వందలు పోసినారు. నా దగ్గర మూడోది కూడా ఉంది, దానికీ అదే పగులు. (నవ్వులు)

టిప్పు నాణేల్లో ఇంకో ముచ్చట. 1787 నుంచి ఆయన మౌలూదీ శకం అని కొత్త లెక్క తెచ్చినాడు. ఆ సంవత్సరాల అంకెలను కుడి నుంచి ఎడమకు వేయించినాడు. ఆ శకంలో 1215ను మనం మామూలుగా చదివితే 5121 అని కనపడుతుంది. ఈ సంగతి తెలియని దొంగ "తప్పు" సరిచేసి 1215 అని నీట్‌గా వేస్తాడు.

కృష్ణదేవరాయల వరహా గురించి చీటీ పంపినారు. బాలకృష్ణుడు కూర్చున్న బొమ్మ, వెనక నాగరి లిపిలో మూడు వరసల్లో శ్రీ ప్రతాప కృష్ణరాయ. బంగారం, 3.4 గ్రాముల దగ్గర. యాత్రాస్థలాల్లో అమ్మే పూతబిళ్లల మీద కూడా అదే కృష్ణుడు ఉంటాడు. నగల షాపులో క్యారెట్ మిషన్‌లో పెట్టిస్తే చాలదా అంటున్నారు. అది పైపైన ఉన్న లోహాన్నే చూస్తుంది. పూత మందంగా ఉంటే దాన్నే బంగారం అంటుంది. నీళ్ల పరీక్ష లోపల దాకా పోతుంది. రెండూ చేయించండి.

ఇక గ్రేడింగ్, అంటే నాణెం ఎంత అరిగిందో తరగతి కట్టడం. ముందు ఆ పేర్లతో మోసపోకండి. గుడ్ అంటే బాగుందని కాదు, ముఖం చదునై, రాజెవరో గుర్తుపట్టగలం అంతే. వెరీ గుడ్ అంటే ఇంకాస్త నయం. ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రా ఫైన్, ఏయూ అంటే దాదాపు వాడనిది, యూఎన్‌సీ అంటే అసలు వాడకంలోకి రానిది, ఇట్లా పైకి పోతుంది. మా పదో తరగతి మార్కుల మాదిరి కాదు, గుడ్ వచ్చినవాడు ఇక్కడ దాదాపు ఫెయిలే.

ఏ నాణెమైనా ఎత్తుగా ఉన్నచోటే ముందు అరుగుతుంది. ఐదో జార్జి రూపాయి మీద రాజు కిరీటం, గడ్డం, భుజం మీద దుస్తుల్లో హారం చూడండి. ఆ హారంలో చిన్న ఏనుగు ఉంది. 1911లో మొదటిసారి కొట్టినప్పుడు ఆ ఏనుగు తొండం పొట్టిగా వచ్చి పందిలాగ కనపడింది. జనం గోల చేసినారు, నాణెం వెనక్కి తీసుకుని 1912లో బొమ్మ మార్చినారు. అందుకే 1911ని పంది రూపాయి అంటారు. అంత రచ్చ చేసిన ఏనుగే ఇప్పుడు మనకు కొలబద్ద. దాని చెవి, కాళ్లు విడిగా కనపడుతున్నాయా, ఉత్త ముద్దగా ఉందా చూస్తే నాణెం ఎంత తిరిగిందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. టంకశాలలోనే అచ్చు బలంగా పడకపోతే ఏనుగు ముద్దగానే పుడుతుంది. అది అరుగుదల కాదు. రెండింటికీ తేడా వెలుగులో తెలుస్తుంది. అచ్చు దెబ్బకు లోహం మధ్య నుంచి అంచులకు పారుతుంది, కంటికి కనపడనంత సన్నటి చాళ్లు పడతాయి. దీపం కింద వంచి తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల మాదిరి గుండ్రంగా తిరుగుతుంది. ముద్దగా ఉన్న ఏనుగు మీద కూడా ఆ వెలుగు తిరిగితే అది అచ్చు లోపం. ఏనుగు దగ్గరికి రాగానే వెలుగు ఆగి బూడిదరంగైతే అది అరుగుదల. తోమిన నాణేనికి వెలుగు తిరగదు, రేకులాగ అన్నివైపులా ఒకేసారి మెరుస్తుంది. మా జేజి రూపాయిని ఆ హైదరాబాదు పెద్దాయన కిటికీ దగ్గర తిప్పింది దీనికే.

అంకెల సంగతి. 1949లో షెల్డన్ అనే అమెరికా ఆయన వాళ్ల పాత రాగి సెంట్ నాణేలకు ఒకటి నుంచి డెబ్భై దాకా లెక్క పెట్టినాడు. డెబ్భై నాణెం ధర ఒకటి నాణేనికి డెబ్భై రెట్లు ఉండాలని ఆయన ఊహ. ధర లెక్క ఎప్పుడో పోయింది, అంకెలు మిగిలినాయి. అరవై నుంచి పైన వాడకంలోకి రానివి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే కంపెనీలు మొదలై, నాణేన్ని చూసి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తున్నాయి. తోమినదైతే అంకె వేయవు, డీటెయిల్స్ అని రాసిస్తాయి. ఆ పెట్టెలకూ నకిలీలు వచ్చినాయి, కాబట్టి దాని మీద నంబర్‌ను కంపెనీ సైట్‌లో కొట్టి ఫొటోతో పోల్చుకోండి. నా అభిప్రాయం అడిగితే, అరవై మూడుకూ అరవై నాలుగుకూ తేడా మీద ఇద్దరు నిపుణులు పొద్దుగుంకేదాకా వాదించుకుంటారు. గుత్తి ఏనుగుకు ఆ అంకెలు వేయడం నాకైతే మామిడిపండును స్కేలుతో కొలిచినట్టుంటుంది.

ఫోన్లో వచ్చే మోసాల మీద ఎక్కువసేపు మాట్లాడను. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలు ఇస్తామని మెసేజ్ వస్తుంది. 2012 అని ఉన్న మామూలు నాణెం అది. ముందు "రిజర్వు బ్యాంకు ఫీజు" కట్టమంటారు. రిజర్వు బ్యాంకు పాత నాణేల లావాదేవీల్లో ఉండదు, కమిషన్ అడగదు. 2021 ఆగస్టులో వాళ్లే ప్రకటన ఇచ్చినారు. ఇక రైస్ పుల్లింగ్. బియ్యాన్ని లాగే రాగి నాణెం లేదు. ఎక్కడైనా లాగితే ఆ బియ్యంలో ఇనుపరజను వెతకండి. దీనికి భూములమ్ముకున్నవాళ్లు మన సీమలో ఉన్నారు. నవ్వకండి, చదువుకున్నవాళ్లే.

ప్రశ్నలు. ఆ పెద్దాయన... జొన్నగిరి దగ్గరా? వాన పడినాక వజ్రాలు వెతకడానికి పోతే నాణేలు దొరికితే ఏం చేయాలంటున్నారు. భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 చట్టం. ఇప్పటికీ ఉంది. తోమకండి, కరిగించకండి, పంచుకోకండి. దొరికినచోటు గుర్తుపెట్టుకోండి, చదివేవాళ్లకు అదే పెద్ద సమాచారం.

రాగి నాణెం మీద పచ్చ, అంటే చిలుము, గురించి అడిగిందెవరు? గట్టిగా, నున్నగా ఉండే పచ్చ దానికి చర్మం, ముట్టొద్దు. గోటికి పొడిలా రాలే లేత పచ్చ మాత్రం జబ్బు, పక్క నాణేలకు దూరంగా పెట్టి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, నీళ్లు మారుస్తా ఉండండి. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బంలు కూడా జిగురుపచ్చ తెప్పిస్తాయి, వాటిలోంచి ఈరోజే తీసేయండి.

మీరు చెప్పండన్నా. రుమాలులోదేనా? ఇటివ్వండి. సీతారామ పట్టాభిషేకం, హనుమంతుడు, వెనకవైపు ఈస్టిండియా కంపెనీ, 1818. ఇది ఎన్ని తరాలుగా ఇంట్లో ఉంది? మీ నాయన పూజలో పెట్టేవాడా. ఇది కంపెనీ కొట్టిన నాణెం కాదన్నా. కంపెనీ ఎప్పుడూ రాముడి బొమ్మతో నాణెం వేయలేదు. రామటంకం అంటారు, గుళ్ల దగ్గర భక్తులకు అమ్మిన బిళ్ల. సంవత్సరం ఊరికే వేసింది. లక్షలు ఇస్తామన్నవాడికి నంబర్ ఇచ్చినారా? ఇవ్వలేదు కదా, మంచిది. బరువు తూస్తా ఉండండి, ఊరికే నా పుస్తకంలో రాసుకోవడానికి... 10.87. తీసుకోండి. రేపు పూజలో మళ్లీ అదే చోట పెట్టేయండి. కుంకుమ తుడవొద్దు.

ఎవరమ్మా తర్వాత? ఒక్కొక్కరు రండి, అంచులు పట్టుకుని.